తోలు వాషరూ, చిన్నాయన పంతమూ

ఈ ఉదయం పుణె నుంచి ఫోన్ వచ్చింది. పాత ఎయిర్‌గన్‌లు పోగుచేసే పెద్దమనిషి ఏడాదికోసారి అడిగే ప్రశ్నే మళ్లీ అడిగాడు, తుపాకీ ఇంకా పేలుతోందా అని. పేలుతోందన్నాను. అవతల నిట్టూర్పు వినిపించింది.

ఆ తుపాకీ నేతగాళ్లుండే దాజీ పేట్‌లోని మా చిన్నాయనది. బట్టల మిల్లు మూతపడ్డాక ఊరు వదిలిపోతూ ఓ ఆఫీసరు ఇచ్చిన జర్మనీ సరుకు. నేనైతే అది ఒక నవాబుగారిదని అందరికీ చెప్పాను. ఇప్పుడు చిన్నాయన కూడా నమ్ముతున్నాడు. నాలుగేళ్ల కిందట దాని లోపల గాలిని నెట్టే పిస్టన్ మొన మీది తోలు వాషర్ చివికిపోయింది. గుండు గొట్టంలోంచి జారి కాళ్ల దగ్గరే పడేది. సరిగ్గా అప్పుడే పుణె ఆయన దిగాడు. అసలు వాషర్ ఇక ఎక్కడా దొరకదనీ, తనకిస్తే గోడకు అందంగా తగిలిస్తాననీ అన్నాడు. గోడకు అన్న మాటే చిన్నాయనకు గుచ్చుకుంది. "వచ్చే ఐతారం రా సాబ్. పేలితె నాది, పేలకుంటె నీది" అనేశాడు. బీడీలు చుడుతున్న చిన్నమ్మ తలెత్తకుండానే, "గా తుపాకితోని ఇన్నేండ్లల్ల ఒక్క బొద్దింకనన్న కొట్టినవా?" అంది.

మొదట చెప్పు తోలు కోశాడు; రెండు దెబ్బలకే చీలింది. బెల్టు తోలు గొట్టంలో దూరనే లేదు. చివరికి మరమగ్గంలో, అదే మా సాంచాలో, నాడెను అటూ ఇటూ తన్నే తోలు దిమ్మె మీద పడ్డాడు. రోజంతా పడే దెబ్బలకు తట్టుకోవాలని మా నేతగాళ్లు ఆ దిమ్మెలను బిగించేముందు నెలల తరబడి నూనెలో నానబెడతారు. చిన్నాయన రెండేళ్లుగా నానుతున్నదాన్ని ఎంచి, వాషర్ కోసి, "తాగినంత బలం" అంటూ నూనె కారుతుండగానే బిగించాడు.

ఆదివారం పుణె ఆయన ఎదుటే గోడ మీద నిలబెట్టిన నూలు కండెకు గురిపెట్టి మీట నొక్కాడు. ఢామ్మని మోత, గొట్టం నిండా తెల్లటి పొగ. పేటలోని సాంచాలన్నీ ఒక్క క్షణం ఆగిపోయాయి. మా సందులోవి మాత్రమే ఆగాయనేవాళ్లున్నారు. వాళ్లకు నేనంటే పడదు. కండె మాత్రం కదల్లేదు. "ఇది గుండు పేలుడు కాదు కాకా, లోపల నూనె మండింది. ఇట్లాగే ఇంకో రెండు దెబ్బలంటే స్ప్రింగు విరుగుతుంది" అంటూ పుణె ఆయన తుపాకీకని తెచ్చిన గుడ్డసంచీ విప్పాడు.

"ఐతారం ఇంక అయిపోలే సాబ్" అన్నాడు చిన్నాయన. అక్కడే నేల మీద చతికిలబడి తుపాకీని మళ్లీ ఊడదీశాడు. చిన్నమ్మ బీడీల చేట పక్కన పెట్టి, వాషర్‌ను లాక్కుని, వేస్టు నూలులో చుట్టి, బీడీ కట్టలు వెచ్చబెట్టే కుంపటి రేకు మీద ఉంచి, పైన పొత్రం బరువు పెట్టింది. "ఆకు మాడకుంట ఆరబెట్టుడు నాకెర్క. నువ్వు ముట్టకు." నూలు మార్చి మార్చి నాలుగుసార్లు నూనె పీల్పించింది. పొద్దు వాలేవేళకు చిన్నాయన మళ్లీ గురిపెట్టాడు. ఈసారి టప్పుమని చిన్న చప్పుడు. కండె ఎగిరి గోడ అవతల పడింది. పుణె ఆయన ఖాళీ సంచీ మడుచుకుని, వెళ్తూ వెళ్తూ చిన్నమ్మకు దండం పెట్టాడు. చిన్నాయనకు పెట్టలేదు.

చిన్నాయనకిప్పుడు డెబ్బై ఎనిమిది. మొన్న మరో మూడు వాషర్లు కోసి, చిన్నమ్మ చేత ఆరబెట్టించి దాచాడు. ఒక్కోటి పదేళ్లు వస్తుందట. కాలం తనకెంత ఇస్తుందో అడగలేదాయన. ముప్పై ఏళ్లకు సరిపడా పని కాలానికే పురమాయించి పెట్టాడు.