నజీర్ అహ్మద్ చెక్కిన సముద్రం

"సదవడం రాని మాట సెక్కితే అది రాతా, గీతా?"

రేవు పక్క పాతవూళ్లో నజీర్ అహ్మద్ కొట్టు ముందు గంప దించుకుని, చేపలమ్మే అసిరమ్మ అడిగిన ప్రశ్న ఇది. అతనిది సమాధి రాళ్ల మీద అక్షరాలు చెక్కే పని. పంతొమ్మిది వందల డెబ్భై ఏడులో ఆ రోజు ఉలి కింద ఉన్నది లాటిన్. ఇనుప ఖనిజానికి వచ్చిన ఓడలోంచి నావికుడొకడు పడిపోయాడు, శవం దొరకలేదు. తోటివాళ్లు సగం సొమ్ము చేతిలో పెట్టి, మళ్లీ సరుక్కొచ్చినప్పుడు చూస్తామని వెళ్లిపోయారు. రాతి మీద పేరు, దాని కింద రెండే మాటలు: ఇన్ మారీ.

నజీర్‌కి తాతనాటి ఆనవాయితీ ఒకటుంది. పోయినవాడి తాలూకు మనిషి అక్షరాల గాడిలో వేలు పెట్టి పైకి చదివితేనే రాయి పూర్తయినట్టు. మిగతా సొమ్ము అప్పుడే. ఇదేదో భక్తి అనుకునేరు. తర్వాత తప్పుందని తగువు రాకుండా చేసుకున్న ఏర్పాటు.

అసిరమ్మ మాట గుచ్చుకుని చర్చి ఫాదర్ దగ్గరికి వెళ్లాడు.

"మారే అంటే సముద్రం. మారిస్, సముద్రపు. మారియా, సముద్రాలు. నీ రాతి మీదున్నది, సముద్రంలో."

"అదేటి ఫాదర్, మన మాటలాగే తోక తిప్పుతాది! ఎవులింట్లో మాటాడతారీ బాస?"

"ఇప్పుడు ఎవరింట్లోనూ లేదు."

పలికే ఇల్లొక్కటి లేకపోయినా, ఆ మాట ఏ పనికి వెళితే ఆ తోక తగిలించుకునే వెళుతోంది! నజీర్ తిన్నగా రేవుకెళ్లి నిలబడ్డాడు. రోజూ చూసే నీళ్లే. అంత పెద్దవని ఆ వేళే తెలిసింది.

ఓడ రాలేదు. ఉక్కు ఫ్యాక్టరీ క్వార్టర్ల నుంచి పేరు పలకల బేరాలు వచ్చాయి. ఆ రాయి తిరగేసి వాడుకోమన్నారంతా. చదివే మనిషి రాకుండా తిప్పనన్నాడు.

ఎనభై నాలుగులో అసిరమ్మ పెనిమిటి చేపల వేటకెళ్లి తిరిగి రాలేదు. కొన్నాళ్లకి ఆమె ఖాళీ గంపతో కొట్టు ముందు ఆగింది.

"సాయిబూ, ఆ రాయేటంటాదో ఇప్పుడైనా సెప్పు."

"ఇక్కడ వేలెట్టప్పా."

అతను పలికాడు. గాడి వెంట వేలు జరుపుతూ ఆమె పలికింది: "ఇన్ మారీ."

"అంటే సముద్రంలో అని."

"ఉన్నాడని గానీ, పోనాడని గానీ నేదా?"

"నేదప్పా. అంతే."

"అబద్దం రాయనేదు," అంది అసిరమ్మ. వేలు చాలాసేపు తియ్యలేదు.

మర్నాడు నజీర్ ఆ రాయిని సమాధుల తోటలో నిలబెట్టించాడు. ఓడవాళ్లు ఇవ్వాల్సిన అరవై రూపాయలు ఇంకా రాలేదు.