దిగడం రాని సవారీ

నాకు సైకిలు తొక్కడం వచ్చు. దిగడం రాదు. యాభై దాటిన మనిషి ఈ మాట చెప్పుకోవడానికి సిగ్గుపడాలి. నేనూ చాలాకాలం పడ్డాను, అందుకే ఎవరికీ చెప్పలేదు.

తప్పంతా మా ఊరిది. మనుబోలు దగ్గర పల్లెలో, నాన్న సైకిలు మీద నేర్చుకున్నాను. సీటెక్కితే కాళ్ళు నేలకు అందేవి కావు. ఎక్కడానికి మా ఇంటి అరుగు ఉండేది, దిగడానికి కాలవ మీద పిట్టగోడ ఉండేది. ఊళ్లో ఏ మూలకు పోయినా గట్టో గోడో తగిలేది. దాని పక్కన ఆపి, ఒక కాలు దాని మీద పెట్టి, మహారాణిలా దిగేదాన్ని. దిగడమనేది విడిగా నేర్చుకోవాల్సిన విద్య అని నాకు తట్టనే లేదు. తట్టేసరికి పెళ్లయి నెల్లూరు వచ్చేశాను, సైకిలుతో పని తీరిపోయింది.

పొద్దున్నే గ్రౌండులో నాతో పాటు నడిచే ఆడవాళ్ళు కొందరున్నారు. వాళ్ళకు మొన్న వేసవి ముందర ఒక ఊహ పుట్టింది. సైకిళ్ళు ట్రాలీ ఆటోలో మైపాడు చేర్చి, అక్కడి నుంచి సముద్రం వెంబడి రోడ్డు మీద తొక్కుకుంటూ పోయి రావాలని. ‘చాలా తేలిక, ఎవరైనా రావచ్చు’ అని వాట్సాప్‌లో పెట్టారు. తేలిక అన్న మాట చదివి నేను రెచ్చిపోయాను. నాకు చిన్నప్పటి నుంచీ సైకిలు వచ్చని అడగని వాళ్ళకు కూడా చెప్పాను. నడుము ఎలా ఉంచాలో, గాలి ఎంత కొట్టించాలో సలహాలు ఇచ్చాను. కొత్త బూట్లు కొన్నాను.

సైకిలు మాత్రం మా అబ్బాయిది. వాడు తాటిచెట్టు, నేను దాని కింద ముంత. సీటు కిందికి దించమని షాపుకు తీసుకుపోతే, బోల్టు తుప్పు పట్టి కదలనని మొండికేసింది. పరవాలేదు, సీటు ఎత్తుగా ఉంటేనే మోకాళ్ళకు మంచిదని ఆ మెకానిక్కుకే పాఠం చెప్పి వచ్చేశాను.

మా పక్కింటి అక్కను కూడా నేనే లాగాను. రక్తసంబంధం లేదు గానీ, నాకు ఆమె అక్కే. నర్సుగా చేసి రిటైరైంది. ఉద్యోగం చేసినన్నాళ్ళూ డ్యూటీకి బుట్ట ఉన్న లేడీస్ సైకిలు మీదే వెళ్ళొచ్చింది. ఆదివారమైతే చర్చి మాననంటుంది కాబట్టి, అందరి చేతా సవారీ శనివారానికి మార్పించాను. కొన్నాళ్ళుగా ఆమె మాట తగ్గింది. నీతో ఒక సంగతి మాట్లాడాలి, ఇంట్లో కాదు అని రెండుమూడు సార్లు అంది. సముద్రం దగ్గర ఎంతసేపైనా మాట్లాడుకుందాం, నీ పక్కనే ఉంటాను అని మాటిచ్చాను. మాట్లాడాలంటే ఆగాలి కదా, ఆ ముక్క నా బుర్రకు ఎక్కలేదు.

మైపాడులో టీ బంకు ముందు సిమెంటు బెంచీ ఉంది. అందరూ టీ తాగుతుంటే దాని మీద నుంచి గుట్టుగా సైకిలెక్కేశాను. ఎవరూ చూడలేదు. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క సరుగుడు తోటలు, వాటి వెనక రొయ్యల గుంటలు. వెనక నుంచి గాలి తోస్తుంటే నేనే తొక్కుతున్నానని మురిసిపోయాను. కుర్రతనం ఉన్నవాళ్ళు ముందుకు దూసుకుపోయారు. అక్క నెమ్మదిగా వస్తోంది, మాటిచ్చిన ప్రకారం నేను పక్కనే ఉన్నాను. అంతా బాగానే ఉంది.

రోడ్డు పక్కన వలలు ఆరేసుకునే ఖాళీ జాగా ఒకటి వచ్చింది. అక్క ఆయాసపడుతూ ఆగి, కాలు కింద పెట్టి, కాసేపు నిలబడదామంది. నేను ఆమెను దాటుకుంటూ ముందుకు పోయాను.

దిగడానికి ఏదైనా దొరుకుతుందేమోనని చుట్టూ చూశాను. అరుగు లేదు, పిట్టగోడ లేదు, కాలు మోపడానికి ఒక రాయి లేదు. దేవుడు ఆ తీరమంతా నా మీద పగబట్టినట్టు చదును చేసి పెట్టాడు. ఇక చేసేదేముంది, వెనక్కి తిప్పుకుని వచ్చి, ఆ ఖాళీ జాగాలో అక్క చుట్టూ గానుగెద్దులా తిరగడం మొదలుపెట్టాను. దిగడం రాదని అప్పుడైనా చెప్పొచ్చు. అన్ని సలహాలు పంచిన నోటితో ఎలా చెప్పను?

అక్క చెప్పడం మొదలుపెట్టింది. గర్భసంచిలో గడ్డ ఉందట. అంతవరకు విని నేను దాటిపోయాను. మళ్ళీ చుట్టు తిరిగి వచ్చేసరికి, ఆపరేషన్ చెయ్యాలన్నారు అంటోంది. ఇంకో చుట్టులో, తేదీ కూడా ఇచ్చారనీ, తనే పోలేదనీ తెలిసింది. ఎందుకు పోలేదని వీపు వెనక్కి అరిచాను. జవాబు సముద్రంలో కలిసిపోయింది. ఏదో ఒకటి ధైర్యం చెప్పాలి కదా. నేను ఆమె ఎదుటికి వచ్చినప్పుడల్లా “ఏం గాదక్కా” అంటూ, కరపత్రాలు పంచినట్టు పంచుకుంటూ పోయాను.

చివరికి ఆమె నా హ్యాండిల్ వైపు చెయ్యి చాపి అంది. “ఆ మాట అనబాకమ్మే. ఆపరేషన్ థియేటర్ గుమ్మం కాడ నిలబడి అందరికీ నేనే చెప్పినా ఆ మాట. అది ఏపాటి మాటో నాకు తెలుసు.”

ఆ చుట్టు పూర్తయ్యేసరికి ఆమె సముద్రం వైపు తిరిగి నిలబడింది. భుజాలు కదులుతున్నాయి. ఎన్నో ఏళ్ళుగా పక్కింట్లో ఉంటున్నా, ఆమె ఏడవగా నేను చూడలేదు. నా మీద నాకు అసహ్యం వేసింది. ఇక ఎలాగైనా దిగాల్సిందే.

రోడ్డు వారగా ఎవరో వడ్లు ఆరబోసి, కొన్ని కుప్ప చేసి పెట్టారు. మెత్తగా కనిపించింది ఆ కుప్ప ఒక్కటే. కళ్ళు మూసుకుని సైకిలు దాని మీదికి తోలాను. సైకిలు ఒక పక్క, నేను ఒక పక్క, వడ్లు నాలుగు పక్కలా. మోచెయ్యి గీరుకుపోయింది, నోట్లోకి ఊక పోయింది. అయినా రైతు బిడ్డను కదా, పడిన వెంటనే చేసిన మొదటి పని బూట్లు విప్పి అవతల పెట్టడం. వడ్లలో ఒట్టి కాళ్ళతో నడవొచ్చు గానీ బూట్లతో తొక్కితే మా నాన్న ఊరుకునేవాడు కాదు.

ఆ వడ్లు ఆరబోసిన ఆమె సరుగుడు నీడలోంచి లేచి వచ్చింది. కళ్ళు కనపడవా, ఈ వయసులో ఈ వేషాలేంది అని నన్ను కడిగేసింది. చీపురు నా చేతికిచ్చి, ఒక్క గింజ పోకూడదని చెప్పి, మళ్ళీ నీడలోకి పోయి కూర్చుంది.

అక్క కళ్ళు తుడుచుకుంటూ వచ్చి నా పక్కన చతికిలబడింది. మోచెయ్యి అటూ ఇటూ తిప్పి చూసి, విరగలేదంది. అప్పుడు చెప్పేశాను, “నాకు దిగేదానికి రాదక్కా” అని.

ఆమె నా మోచెయ్యి వదిలేసింది. “అందుకా తిరగతా ఉండావు? నా మాట వినేదానికి ఇష్టంలేక తప్పించుకుంటా ఉండావనుకున్నా.”

మోచేతి కంటే అది ఎక్కువ నొప్పి పెట్టింది. పరువు కాపాడుకుంటున్నాననుకున్నాను నేను, ఆమె మాత్రం అంతసేపూ తనను వదిలించుకుంటున్నాననుకుంది. వడ్లు చిమ్మడం మొదలుపెట్టాను. ఏం గాదు అన్న మాట ఎలాగూ నిషేధం.

ఇద్దరం ఇసక లేకుండా గింజలు దోసిళ్ళతో ఎత్తి కుప్ప మీద పోస్తుంటే, మిగతాది ఆమే చెప్పింది. కత్తికి భయం లేదట, మత్తుకు భయం లేదట. “లోపలికి తీసకపొయ్యేటప్పుడు అందరూ ఒకసారి తల తిప్పి చూస్తారు, మనవాళ్ళు ఉండారా అని. అప్పటికే మనవాళ్ళు టీకో, మందులకో పొయ్యుంటారు. ఆ చూపు నేను శానా చూసినా. నాకు అదే భయం.” కొడుకు వస్తాడు గానీ వాడు కుదురుగా ఉండే రకం కాదు, ఫోను పట్టుకుని బయటికీ లోపలికీ తిరుగుతూనే ఉంటాడని చెప్పింది. తర్వాత తల ఎత్తకుండానే అడిగింది. “నువ్వు వస్తావా? తిరగబాక. ఒక కాడ కూచో.”

వస్తానన్నాను. మా వాళ్ళు వెనక్కి వచ్చేసరికి ఒంటినిండా ఊకతో, చేతిలో చీపురుతో ఉన్నాను. అడిగిన వాళ్ళందరికీ నిజమే చెప్పాను. వాళ్ళు నవ్వుకున్నంతసేపు నవ్వుకుని, నన్నూ నా సైకిలునూ ట్రాలీ ఆటోలోకి ఎక్కించారు.

సోమవారమే అక్క ఫోను చేసి కొత్త తేదీ తీసుకుంది. ఆపరేషన్ బాగానే జరిగింది, గడ్డ మామూలుదేనన్నారు. అదంతా సాయంత్రం సంగతి. ఆ రోజు పొద్దున మాత్రం ఏమీ తెలియదు. థియేటర్ ఎదురుగా ఇనప కుర్చీలో కూర్చున్నాను. ఆమె కొడుకు టిఫినుకు రమ్మన్నాడు, తర్వాత కాఫీకి రమ్మన్నాడు, కాళ్ళు తిమ్మిరెక్కాయి, లేవలేదు. స్ట్రెచర్ గుమ్మం దాకా వచ్చింది. తలుపు తీశారు. అక్క తల తిప్పి చూసింది. నేను కూర్చునే ఉన్నాను.