మునెమ్మ పాలు, నా సంతకం

1998. చిత్తూరు దగ్గర ఒక ప్రైవేటు డెయిరీలో కెమిస్టుగా చేరి అప్పటికి ఏడు నెలలు. అంతకుముందు తిరుపతిలో రసాయనశాస్త్రంలో పీహెచ్‌డీ చేశాను. ఐదేళ్ళు పట్టింది. ఆ తర్వాత రెండేళ్ళు లెక్చరర్ ఇంటర్వ్యూలకు తిరిగి చెప్పులు అరగదీసుకున్నాను. డెయిరీలో ఉద్యోగం వచ్చిందంటే మా నాయన సంతోషించాడు గానీ, మా గైడు మాత్రం "పాలు కొలిచేదానికా ఇంత చదువు?" అన్నారు. ఆ మాట గుచ్చుకుంది. లోపల నేనూ అలాగే అనుకునేవాణ్ణి, అందుకే పనిని చిన్నచూపు చూసేవాణ్ణి.

పాకాల చుట్టుపక్కల ఊళ్ళలోని పాల కేంద్రాల నుంచి రోజూ మా ల్యాబ్‌కు కాగితాలు వచ్చేవి. ఒక్కొక్కరి పాలలో లాక్టోమీటర్ ముంచి చూసిన రీడింగ్ వాటిలో ఉంటుంది. లాక్టోమీటర్ అంటే పాల చిక్కదనం తెలిపే గాజు గొట్టం. పాలు పలచనైతే లోతుగా మునుగుతుంది, అంకె తగ్గుతుంది. మా దగ్గర ఇరవై ఆరుకు తగ్గితే నీళ్ళు కలిపినట్టు లెక్క. వరుసగా మూడు రోజులు తగ్గితే, ఆ మనిషి పాలు ఆపేయమని నేను సంతకం పెట్టాలి.

అలా ఒక ఊళ్ళో మునెమ్మ అనే ఆమె పాలు ఆపించాను. ఆపిన తొమ్మిదో రోజు ఆమె బస్సెక్కి నేరుగా ల్యాబ్‌కు వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. కూర్చోమన్నా కూర్చోలేదు.

"నీళ్ళు కలిపినానని రాసింది మీరేనా సారూ?"

"రీడింగ్ అట్ల వచ్చిందమ్మా. నేనేం చేసేది?"

"పన్నెండేండ్లుగా పాలు పోస్తా ఉండా. ఒక్క మాట పడలేదు. ఇప్పుడు నలుగురిలో నా పేరు సదివి, క్యాను ఎనక్కి పంపినారు. బోరింగు కాడ ఆడోళ్ళు నన్ను సూసి నవ్వుతా ఉండారు. మీరు రీడింగు సూసినారు. మా ఆవును సూసినారా?"

నాకు కోపం వచ్చింది. ఆమెను పంపేసి, తప్పు ఆమెదేనని తేల్చేద్దామని పాత కాగితాలు తీశాను. ఇరవై నాలుగు, ఇరవై నాలుగున్నర, ఇరవై నాలుగు. పక్కనే ఉష్ణోగ్రత రాయాల్సిన గడి మూడు రోజులూ ఖాళీ. వేడిగా ఉన్న పాలు ఉన్నదానికంటే పలచగా కనిపిస్తాయి, కాబట్టి వేడిని బట్టి రీడింగ్‌ను సరిచేయాలి. ఆ పట్టిక నా కుర్చీ వెనక గోడకే అంటించి ఉంది. థీసిస్ రోజుల్లో ఇలాంటి అంకె ఎవరైనా ఇస్తే వాళ్ళ ముఖానే విసిరికొట్టేవాణ్ణి. ఇక్కడ కళ్ళు మూసుకుని సంతకం పెట్టాను.

పాలు తెమ్మని మునెమ్మకు కబురు పెట్టి, మర్నాడు పొద్దున్నే ఆ ఊరి కేంద్రానికి వెళ్ళాను. వరుస అయిపోవస్తుండగా ఆమె ఎదురుగా ఉన్న తన ఇంట్లోంచి గబగబా వచ్చింది. క్యాను ముట్టుకుంటే వెచ్చగా ఉంది, పైన నురగ ఇంకా అణగలేదు. రీడింగ్ ఇరవై నాలుగే.

"ఇప్పుడే పిండినావా అమ్మా?"

"ఔను సారూ. ముందయితే మా ఇంటాయన తెల్లారకముందే పిండి పెట్టేవోడు. ఆయప్పకు సెయ్యి ఇరిగి, పుత్తూరు కట్టు కట్టించినాం. ఇంటి పనంతా అయి నేను పిండేసరికి ఈ పొద్దవతా ఉండాది."

కేంద్రం సెక్రటరీని థర్మామీటర్ అడిగితే, పగిలి చాలా కాలమైందన్నాడు. క్యానును నీళ్ళ తొట్టిలో పెట్టించాను. ముప్పావుగంట తర్వాత, నేను తెచ్చుకున్న థర్మామీటర్‌తో వేడి చూసి, మళ్ళీ లాక్టోమీటర్ ముంచాను. ఇరవై ఏడు. పాలు పోసినవాళ్ళెవరూ ఇళ్ళకు పోలేదు.

"రేపటి నుంచి నీ పాలు తీసుకోమని రాసి పంపిస్తానమ్మా," అన్నాను మెల్లగా.

"రాసేది కాదు సారూ. నలుగురిలో నన్ను దొంగను చేసినారు. నలుగురిలోనే సెప్పండి."

సిగ్గుపడుతూనే అక్కడున్నవాళ్ళవైపు తిరిగాను. అందరికీ వినబడేలా చెప్పాను, ఆమె పాలలో నీళ్ళు లేవని, తప్పు నాదని. పెద్దాయన ఒకడు, "అయితే నీళ్ళు కలపలేదన్నమాట," అన్నాడు.

మునెమ్మ ఆయనవైపు చూడనైనా లేదు. "పది దినాలుగా అదే సెప్తా ఉండా," అంది.

యూనివర్సిటీని వదిలి వచ్చానని నేను బాధపడుతుండేవాణ్ణి. నిజానికి వదిలేసి వచ్చింది అడిగే అలవాటును. ఆ తర్వాత పదకొండేళ్ళు అక్కడే పనిచేశాను. కొత్త కెమిస్టు ఎవరు చేరినా, పాలు ఎప్పుడు పిండినారమ్మా అని ముందు అడగమని నేర్పాను. ఆమె నా బల్ల ముందు నిలబడినప్పుడు ఆ మాట నాకు తోచలేదు.