పొద్దున తీసిన నవ్వు

మా పెద్దమ్మ పోయిందన్న కబురు నాకు సాగర్ రోడ్డు మీద, ఆఫీసుకు పోయే బస్సులో అందింది. ఫోన్ చేసింది ఆమె కోడలు. “అత్తమ్మ పోయింది వదినె” అని ఒక్క మాట అని ఫోన్ పెట్టేసింది. బొంగుళూరు గేటు దగ్గర దిగాను. రోడ్డు దాటి ఇబ్రహీంపట్నం వైపు పోయే బస్సు కోసం నిలబడ్డాను. ఏడుపు రాలేదు. నెలల తరబడి ఆమెను దవాఖానలకు తిప్పిన అలసట మాత్రం ఒక్కసారే కాళ్లలోకి దిగింది. ఇంటికి పోయి ఎవరెవరికి చెప్పాలో, ఏమేం తేవాలో తలుచుకుంటే ఎక్కడైనా కూర్చుంటే బాగుండనిపించింది. అక్కడ కూర్చోవడానికి ఏమీ లేదు.

మా అమ్మకు అక్క ఆమె. మా ఇంటికి రెండిళ్ల అవతల ఉండేది. మీలో చాలామంది ఆమెను చూసే ఉంటారు, ఎవరో తెలియకుండా. టీవీలో కామెడీ షో నడుస్తుంటే, స్టేజీ మీద ఎవరో ఏదో అనగానే కెమెరా ఒక్క క్షణం జనం వైపు తిరుగుతుంది కదా. మొదటి వరుసలో ముక్కుపుడక పెట్టుకున్న ఒక పెద్ద మనిషి, భుజాలు ఎగిరెగిరి పడుతుంటే కళ్లనీళ్లు పెట్టుకుని నవ్వుతుంటుంది. ఆమే మా పెద్దమ్మ. కొన్నేళ్లపాటు అదే ఆమె పని.

అంతకు ముందు నాట్లకూ కలుపుకూ కైకిలి పోయేది. మా చుట్టుపక్కల పొలాల్లో తెల్లరాళ్లు పాతి ప్లాట్లు చేశాక కైకిలికి పిలిచేవాళ్లు లేకుండా పోయారు. అప్పుడు వచ్చింది ఆ బస్సు. టీవీ షూటింగులకు జనాన్ని తోలుకుపోయే కోఆర్డినేటర్ ఒకతను మా గల్లీ చివర బస్సు ఆపి, “ఊకె కూసుండి సప్పట్లు కొట్టుడే, అన్నం పెడతరు” అన్నాడు. నిన్నటిదాకా నాట్లేసిన ఆడవాళ్లంతా మంచి చీరలు కట్టుకుని ఎక్కారు. మా పెద్దమ్మ కూడా ఎక్కింది. రెండో వారానికే ఆమెను మొదటి వరుసలో కూర్చోబెట్టారు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా పెద్దమ్మ ఇంట్లో నవ్వే మనిషి కాదు. ఎప్పుడు పోయినా మొహం గంటు పెట్టుకునే ఉండేది. చాయ్‌లో చక్కెర ఎక్కువైతే ఒక కోపం, తక్కువైతే ఒక కోపం. మేము జోకులు వేస్తే “అయిపోయిందా?” అని అడిగేది. అంత పెద్ద నవ్వు ఎక్కడ దాచుకుందో మాకు ఎవరికీ తెలియదు. అడిగితే “ఇంట్ల నవ్వితే ఎవలకు లాభం” అనేది.

షూటింగుకు పోయే రోజు ఆమె పద్ధతులు చూడాలి. పొద్దున సగం కడుపే తినేది. నిండా తిని నవ్వితే పక్కలు పట్టేస్తాయట. సంచిలో ఇంకో చీర పెట్టుకునేది, ఎందుకంటే ఒకే రోజు రెండు వారాల షోలు తీస్తారు, అదే చీరలో కనబడకూడదు. సాయంత్రం తిరిగొచ్చాక దవడలకు కొబ్బరినూనె రాసుకుని గోడకు ఆనుకుని కూర్చునేది. చాయ్ తాగేదాకా ఒక్క మాట మాట్లాడేది కాదు. “నవ్వు గూడ కైకిలే బిడ్డా, నాటేసినప్పుడు నడుము గుంజినట్టే దవుడలు గుంజుతయి” అని ఒకసారి నాతో అన్నది. ఆ షోలు టీవీలో వస్తే మాత్రం చూసేది కాదు. చేసిన పనిని మళ్లీ కూర్చుని చూసేదేంది అనేది.

ఆ నవ్వులు ఎలా తీస్తారో కూడా ఆమే చెప్పింది. కామెడీ చేసేవాళ్లు ఇంకా మొహాలకు రంగు వేసుకుంటూ ఉండగానే, పొద్దున్నే, కెమెరాలన్నీ జనం వైపు తిప్పుతారు. స్టేజీ మీద ఎవరూ ఉండరు. ఒకతను నిలబడి చెయ్యి ఎత్తితే నవ్వాలి, దించితే ఆపాలి. చిన్న నవ్వు ఒకసారి, చప్పట్లతో నవ్వు ఒకసారి, కళ్లనీళ్ల నవ్వు ఒకసారి. తర్వాత ఎక్కడ కావాలంటే అక్కడ అతికించుకుంటారు. కళ్లనీళ్ల నవ్వు మా పెద్దమ్మలాగా ఎవరికీ వచ్చేది కాదట. ఖాళీ స్టేజీని చూసి అంతలా ఎలా నవ్వుతావని నేను అడిగాను. “ఏం లేకుంటెనే నవ్వొస్తది. ఏమన్న ఉంటె ఆలోచనొస్తది” అన్నది.

ఇలా నడుస్తుండగా, ఒకనాడు బస్సులో కోఆర్డినేటర్ అడిగాడట, పల్లెటూళ్ల వాయిద్యాలతో ఒక షో చేస్తున్నాం, మీ దిక్కు పాతవాళ్లు ఎవరైనా ఉన్నారా అని. అందరికంటే ముందు చెయ్యి లేపింది మా పెద్దమ్మ. రావిర్యాల సన్నాయి తాత పేరు చెప్పింది. ఆమె పెళ్లికి వాయించింది ఆయనే. ఆమె పిల్లల పెళ్లిళ్లకూ, నా పెళ్లికీ ఆయనే. చుట్టరికం లేకపోయినా ఆయన్ని అన్నా అనేది, ఆయన ఈమెను చెల్లె అనేవాడు. డీజేలు వచ్చాక ఆయన్ని పిలిచేవాళ్లు తగ్గిపోయారు. టీవీలో ఒకసారి కనబడితే మళ్లీ పిలుస్తారని ఆమె ఆశ. తనే రావిర్యాల పోయి ఆయన్ని ఒప్పించి వచ్చింది. ఆ వారమంతా మొహం గంటు లేకుండా తిరిగింది.

షూటింగు రోజు ఏమైందంటే, ఆయన తెల్ల పంచె, జరీ తలపాగాతో వచ్చి కళ్లు మూసుకుని వాయించడం మొదలుపెట్టాడు. పెళ్లికూతురు వేషం వేసిన ఒక కామెడీ అతను ఎదురుగా వచ్చి కూర్చుని పచ్చి చింతకాయ కొరికి లొట్టలు వేశాడు. మీకు తెలిసిందే, సన్నాయి ఊదేవాళ్ల ముందు పుల్లటిది తింటే వాళ్లకు నోట్లో నీళ్లూరి స్వరం జారిపోతుంది. జారింది. మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ జారింది. ఇంకొకతను చింతకాయల గంపే తెచ్చి ముందు పెట్టాడు. జనమంతా నవ్వారట. ఆ నవ్వుల మధ్య మా పెద్దమ్మ నవ్వలేదు. ఆయన మొహం చూడలేక తల దించుకుని కూర్చుంది. ఇదంతా ఆ సాయంత్రం దవడలకు నూనె రాసుకోకుండా కూర్చుని నాకు చెప్పింది. ఆ రోజు దవడల నొప్పి లేదన్నది.

అది టీవీలో వచ్చిన ఆదివారం మధ్యాహ్నం, మొదటిసారి ఆమె తనంతట తనే టీవీ పెట్టమన్నది. ఎక్కువ కోసేసి ఉంటారని, పాట మంచిగా ఉన్న భాగమే ఉంచి ఉంటారని ఆమె అనుకుంది. వాడకట్టు ఆడవాళ్లు నలుగురు వచ్చి కూర్చున్నారు. సన్నాయి జారింది. అదే క్షణంలో టీవీ నిండా మా పెద్దమ్మ మొహం, భుజాలు ఎగరేస్తూ, కళ్లనీళ్లు తుడుచుకుంటూ. మళ్లీ జారింది, మళ్లీ ఆమె నవ్వు. గంప వచ్చింది, మళ్లీ ఆమే. వాడకట్టు ఆడవాళ్లు చప్పట్లు కొట్టి, “అబ్బ, టీవీ నిండ నువ్వే ఉన్నవక్కా” అన్నారు.

“గది గప్పటి నవ్వు గాదు. పొద్దున తీసింది” అన్నది మా పెద్దమ్మ.

“ఎప్పటిదైతేంది, మొఖం మస్తుగొచ్చింది” అన్నదొకామె.

అందరూ పోయాక పెద్దమ్మ నన్ను పట్టుకుని, “అన్నకు చెప్పాలె బిడ్డా. నేను నవ్వలే అని చెప్పాలె” అన్నది. ఆ వారం ఆమెకు వేరే మాట లేదు. ఆయన నమ్మకపోతే ఎలా అన్నదొక్కటే. నేను ఫోన్ చేసి చెప్పమన్నాను. ఫోన్‌లో మొహం కనబడదు కదా అన్నది. నిజం చెప్పాలంటే నాకు విసుగు వచ్చింది. ఆరు రోజులు ఆఫీసు, ఉన్న ఒక్క ఆదివారం, అదీ ఈ పని మీద. అయినా స్కూటీ మీద ఎక్కించుకుని రావిర్యాల తీసుకుపోయాను.

సన్నాయి తాత ఇంటి ముందు ఎండలో మంచం వేసుకుని కూర్చున్నాడు. మమ్మల్ని చూసి లేచి, లోపలికి కేకేసి నీళ్లు తెప్పించాడు. పెద్దమ్మ నీళ్లు తాగలేదు. నిలబడే చెప్పింది, ఆ నవ్వు పొద్దున్నే తీసిందనీ, స్టేజీ మీద అప్పుడు ఎవరూ లేరనీ, ఆయన వాయించేటప్పుడు తను నవ్వలేదనీ.

“నాకెరుకే చెల్లె,” అన్నాడాయన. “నేను టీవీల సూడలే. పోరగాండ్లు జెప్పిన్రు నువ్వు నవ్వినవని. కాదని జెప్పిన. నేనాడనే సూసిన గద నిన్ను. తల దించుకున్నవ్.”

పెద్దమ్మ అప్పుడు కూర్చుంది. వారం రోజుల బరువు దిగినట్టు ఊపిరి వదిలింది. నేను లేవడానికి తాళం చెవి చేతిలోకి తీసుకున్నాను కూడా. ఆయన మాత్రం ఆపలేదు.

“ఒక్క మాట జెప్తా, ఏమనుకోకు. పెండ్లిల్ల పోరలు నా ముంగట చింతకాయ తినకుండ ఎప్పుడన్న ఉన్నరా? ఆళ్లు నవ్వుతరు. నేను తువ్వాల తీసుకొని ఉరికిస్త. పెండ్లిపిల్ల గూడ నవ్వుతది. ఈడ గూడ గట్లనే అనుకున్న. నాకేం రందిలేకుండె. జర తెల్సిన మొఖం సూద్దామని నీ దిక్కు సూసిన. నువ్వు తల దించుకున్నవ్. గప్పుడు సమజైంది నాకు, ఇది పెండ్లి గాదని.”

కోపంగా అనలేదు. జరిగింది జరిగినట్టు చెప్పాడు. తర్వాత మా ఇద్దరికీ చాయ్ పెట్టించాడు, ఆఫీసు బస్సులు టైముకు వస్తున్నాయా అని నన్ను అడిగాడు. పెద్దమ్మ గ్లాసు పట్టుకుని కూర్చుంది గానీ ఆమెకు ఏదీ వినబడలేదని నాకు తెలుసు.

తిరిగి వస్తుంటే స్కూటీ వెనక నుంచి, నా భుజం పట్టుకుని అడిగింది. “అయితే నవ్వాల్సుండెనా బిడ్డా?”

గాలికి వినబడనట్టు స్కూటీ నడుపుతూ పోయాను. ఆమె నవ్వి ఉంటే అందరిలో ఒకతె అయ్యేది. నవ్వకపోవడం తన ఒక్కదాని మర్యాద అనుకుంది. ఆ మర్యాదే ఆయనకు తగిలింది. ఇందులో తప్పెవరిదో తేల్చే ఓపిక నాకు లేదు.

ఆ తర్వాత కూడా కొన్నాళ్లు బస్సెక్కింది. చిన్న నవ్వు, చప్పట్ల నవ్వు వచ్చేవట. కళ్లనీళ్ల నవ్వు రాలేదు. చెయ్యి ఎత్తినప్పుడల్లా, దీన్ని తీసుకుపోయి ఎవరి మీద అతికిస్తారో అనిపించేదట. మూడో వరుసకు మార్చారు, ఆ తర్వాత ఆమే మానేసింది. ఆమె పాత నవ్వు మాత్రం ఆగలేదు. జనం దాన్ని కోసి ఫోన్లలో ఎక్కడ పడితే అక్కడ పెట్టుకున్నారు. ఎవడో పరీక్ష తప్పితే మా పెద్దమ్మ నవ్వు, ఎవరో జారి పడితే మా పెద్దమ్మ నవ్వు. అది కనబడిన చోటల్లా తీసేయమని రాసి రాసి నేను విసిగిపోయాను. తర్వాత ఊపిరాడకపోవడం, పట్నం దవాఖాన, ఆక్సిజన్. దవాఖానలో కూడా ఒక నర్సమ్మ గుర్తుపట్టి, “మీరు నవ్వే అమ్మ కదా” అన్నది. పెద్దమ్మ మాస్కు మీద నుంచి నా వైపు చూసింది. నేను ఆ అమ్మాయిని పక్కకు పంపించాను.

నేను ఉద్యోగం చేస్తున్నానంటే ఆమె వల్లే. నా పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు కసురుకుంటూనే ఇద్దరినీ పెంచింది. ఒక్కసారి కూడా థాంక్స్ చెప్పలేదు నేను, మా ఇళ్లలో అలా చెప్పుకునే అలవాటు లేదు. ఇక్కడ చెబుతున్నాను.

దినాల నాడు సన్నాయి తాత వచ్చాడు. అంత్యక్రియలకు కబురు సమయానికి అందలేదట. తిన్నాక గోడకు ఆనుకుని కూర్చుని, దండ వేసిన ఫోటో వైపు చాలాసేపు చూశాడు. ఆధార్ కార్డు కోసం తీసిందాన్నే పెద్దది చేయించాం, మొహం గంటు పెట్టుకునే ఉంది.

“నీ ఫోన్ల ఉంటదా బిడ్డా, గది?” అన్నాడు.

“ఏది తాతా?”

“గదే. టీవీల నా ఆట.”

వద్దన్నాను. ఈ రోజు ఎందుకన్నాను. చెయ్యి చాపే ఉంచాడు. వెతికి పెట్టాను. తెల్ల పంచె, జరీ తలపాగా కనబడగానే “సౌండ్ తియ్యి” అన్నాడు. తీసేశాను. చప్పుడు లేకుండా ఆయన వాయిస్తున్నాడు, ఎదురుగా ఒకడు చింతకాయ కొరుకుతున్నాడు. ఆయన తన మొహాన్ని చూసుకోలేదు, దేనికోసమో కాచుకున్నట్టు ఉన్నాడు. పెద్దమ్మ వచ్చింది. పోయింది.

“మళ్లొకపారి పెట్టు.”

వెనక్కి జరిపాను. ఈసారి ఆమె నవ్వు మీద ఆపమని వేలితో చూపించాడు. ఎప్పుడు నొక్కినా ఆ నవ్వు దాటిపోయాకే ఆగుతోంది. అందుకే నేను వెనక్కి జరుపుతూ ఉన్నాను, ఆమె మళ్లీ మళ్లీ నవ్వుతూ ఉంది.

“పొద్దుగాల తీసిన్రని అన్నది గద,” అన్నాడాయన. “నేను రాకముందటిది. గప్పటికింక ఏం గాలె.”

ఫోను సరిగా కనబడేలా కొంచెం దూరంగా పట్టుకున్నాడు. మా పెద్దమ్మ ఆయన అరచేతిలో, ఖాళీ స్టేజీ వైపు చూస్తూ, భుజాలు ఎగరేస్తూ, చప్పుడు లేకుండా నవ్వుతోంది.