ఒట్టెయ్యని సాక్షి

వాల్తేరులో లా చదువుకు చేరిన రోజునే జీవరత్నం చిల్లకల్లు పల్లెకు ప్లీడరైపోయాడు. సెలవులకు వస్తే చాలు, కోడిపెట్ట తగాదాలూ మొగుడూ పెళ్లాల అలకలూ అతని అరుగెక్కేవి. "ఇంకా పరీక్షలు కాలేదర్రా" అని మొత్తుకున్నా వినేవాళ్లు లేరు. పరీక్షలు కోర్టుకు కావాలి గాని వాళ్లకెందుకు?

1958 ఏప్రిల్లో నిజమైన దావాయే వచ్చిపడింది. సమాధుల దొడ్డికి వెళ్లే దారి తన పొలమంటూ దశరథరామయ్య అనే ఆసామి కంప వేయించాడు. ఆ దారి పోతే పల్లెవాళ్లకు పోయినవాళ్లను మోసుకెళ్లే దిక్కు లేదు. నందిగామ కోర్టులో పల్లె తరఫున పెద్ద ప్లీడరొకాయన నిలబడ్డాడు. సాక్షి జీవరత్నం తల్లి పుల్లమ్మ.

బోనెక్కి ప్రమాణం చెయ్యమంటే ఆమె అడ్డంగా తలూపింది.

"ఒట్టెయ్యనండి. ఎంతమాత్రం ఒట్టు పెట్టుకోవద్దని బైబిల్లో వాక్యముందండి."

"ప్రమాణం లేకపోతే నీ సాక్ష్యమూ లేదు" అన్నాడు మున్సిఫు.

"అబద్ధమాడేవాళ్లకి ఒట్టంటే భయమేనండి" అన్నాడు ఎదుటి ప్లీడరు.

వెనక బెంచీలోంచి జీవరత్నం కళ్లతోనే బతిమాలాడు.

"కళ్లురుముతావేంట్రా? ఆ వాక్యం నాకు చదివి వినిపించింది నువ్వే గదా" అంది పుల్లమ్మ బోనులోంచే.

కోర్టంతా నవ్వింది. బెంచీ కింద దూరదామనుకున్న జీవరత్నానికి అప్పుడు ఒక సెక్షను తట్టింది. ముందుకెళ్లి వంగి తమ ప్లీడరు చెవిలో ఊదాడు.

"గట్టిగా తెలుసా?"

"పరీక్షలో అది తప్పు రాశానండి, ఇక మర్చిపోను."

మున్సిఫు పుస్తకం తిరగేశాడు. నిజమే. ఒట్టంటే అభ్యంతరమున్నవాళ్లు ఉన్నదున్నట్టు చెబుతానంటే చాలు.

"ఆ ముక్క ముందే అంటే ఇంత గొడవెందుకండి" అంది పుల్లమ్మ.

ఎదుటి ప్లీడరు లేచాడు. "ఆ దారిన ఏం పని మీద నడిచావు?"

"ముగ్గురు బిడ్డల్ని తీసుకెళ్లానండి. ఎత్తుకునే తీసుకెళ్లా. వచ్చేప్పుడు చేతులు ఊపుకుంటూ నడవడం చేతకాలేదండి, కొంగు పట్టుకుని వచ్చా."

ఆయన కాగితాలు మడిచి కూర్చున్నాడు. తనకు పైన ముగ్గురు అన్నలుండేవాళ్లని జీవరత్నానికి తెలుసు. అమ్మ ఎలా తిరిగొచ్చిందో ఎన్నడూ అడగలేదు. సిగ్గేసింది, ఏడుపొచ్చింది.

వానాకాలంలో తీర్పొచ్చి కంప తీశారు. లా పట్టా చేతికొచ్చాక జీవరత్నం జగ్గయ్యపేటలో బోర్డు పెట్టి, పల్లెల దావాలే పట్టుకున్నాడు. అతని దగ్గర గుమస్తాగా చేరినవాడికి మొదటి పాఠం ఒకటే: సాక్షిని ఏం చూశావని అడగబోయేముందు, ఏం మోశావని అడగాలి.