రంగు కుదరని ఉక్కు

త్రినాథరావు బాబాయి ముప్పై రెండేళ్లు స్టీల్ ప్లాంటులో ఉక్కు కరిగించే కొలిమి దగ్గర పనిచేసి రిటైరయ్యాడు. ప్లాంటు వాళ్ల కాలనీ రిసాలిలో మా పక్క క్వార్టరే. మా నాలుగేళ్ల తనూజ సాయంత్రాలు ఆయన దగ్గర బొమ్మలు నేర్చుకుంటుంది. టర్పెంటైన్ సీసా దానికి అందనంత ఎత్తులో ఉందో లేదో నేను రోజూ గుమ్మంలోంచి చూసుకుంటాను.

మొన్న తెలుగువాళ్ల సంఘం హాల్లో ఆయన చిత్రాలు ఐదు రోజులు ప్రదర్శించారు. పదకొండింటి మీద సంతకం ఉంది. పన్నెండోదాని మీద లేదు. కరిగిన ఉక్కు కొలిమిలోంచి తొట్టిలోకి దూకుతున్న చిత్రం అది. ఇంతకుముందు మూడుసార్లు వేసి, రంగు కుదరలేదని మూడుసార్లూ తెలుపు పూసేశాడు. "ఆఖరి రోజుకీ కుదరకపోతే మళ్లీ తెలుపే," అన్నాడు. జనం చూస్తుండగానే కాస్త ఎరుపు, కాస్త పసుపు అద్దుతుండేవాడు. ఏ వేడికి ఏ రంగు ఉంటుందో తెలిపే పట్టిక ప్రింటు తీసి ఇచ్చాను. శ్రద్ధగా చదివాడు. మర్నాడు దాంతోనే కుంచె తుడుస్తున్నాడు.

ఆఖరి రోజు ఐదింటికి ఊళ్లోనే ఇంకో పేట, కోహ్కా నుంచి సత్యమూర్తి గారు వచ్చారు. బాబాయితో ఒకే షిఫ్టులో పనిచేసిన మనిషి. ఆ చిత్రం ముందు చాలాసేపు నిలబడ్డారు.

"ఏటి త్రినాథా, ఇదెవరు చూసిన ఉక్కు?"

"మనం చూసిందే."

"మనమెప్పుడు చూసినాం? కళ్లకి నీలం అద్దాలెట్టుకునే కదా చూసినాం. ఉత్త కళ్లతో చూసుంటే ఈపాటికి నీకు బొమ్మలేటి, గుమ్మం కూడా అగుపించదు."

బాబాయి నవ్వలేదు. "రంగు గుర్తు రావట్లేదేటా అనుకుంటన్నాను," అన్నాడు నెమ్మదిగా. "చూస్తే కదా, గుర్తుండడానికి."

నీలాన్ని నూనెలో పల్చగా కలిపి, చిత్రమంతటి మీదా ఒకే పొర లాగాడు. ఎరుపు ఊదాలోకి తిరిగింది. సత్యమూర్తి గారు కొలిమి ముందున్నట్టు తెలియకుండానే ఒకడుగు వెనక్కి వేశారు.

"వొగ్గేయ్ ఇంక. చెయ్యి తీసేయ్."

బాబాయి సంతకం పెట్టాడు.

ఆరింటికి హాలు ఖాళీ చెయ్యాలి. పదకొండు చిత్రాలను దుప్పట్లలో చుట్టి ఆటోలో పంపాం. తడిదాన్ని చుట్టలేం కనుక బాబాయీ నేనూ చెరోవైపు పట్టుకుని ఇంటికి నడిచాం. తనూజ ముందు నడుస్తూ, ఎదురొచ్చినవాళ్లందరికీ "ఛూనా మత్, గీలా హై" అంటూ తడిగా ఉంది, ముట్టుకోవద్దని హిందీలో చెబుతోంది.

వీధి మలుపులో, చిత్రం కింది మూల చిన్న వేలిముద్ర కనిపించి ఆగిపోయాను. బాబాయి కూడా వంగి చూశాడు.

"నడమ్మా," అన్నాడు నాతో. "బొమ్మ అయిపోనాది."