కారుకు పోసిన బోరునీళ్లు

ఒక అబద్ధాన్ని ముప్పై ఏళ్లుగా మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను.

మా అక్క మొగుడు పావగడ దగ్గర మా ఊరు నాగలమడికలో, కాలిపోయిన పంపుసెట్ల మోటార్లకు కొత్త రాగితీగ చుట్టే వైండింగు పని చేసేవాడు. నాకు ఆ పని నేర్పింది ఆ బావే. ఆ కరువు ఏళ్లలో ఒకటీ అరా తప్ప బోర్లు ఎండిపోయాయి, శనగచెట్లు పూత మీదే మాడాయి, మోటార్లు రావడం మానేశాయి. ఖాళీగా కూర్చోవడం బావకు చేతకాదు. ఎవరో మూలన పడేసిన పాత పెట్రోలు కారు తెచ్చి ఇంటి ముందరే ఇంజను దించేశాడు. దాని చోట బెంగళూరు పాత సామాన్ల అంగడిలో దొరికిన కరెంటు మోటారుకు ఇద్దరం కొత్తగా వైండింగు చేశాక, దాన్ని బిగించాడు. డిక్కీలో, వెనక సీటు కింద లారీ బ్యాటరీలు. ఆరు నెలలు ఊరంతా నవ్వింది. ఒక పొద్దున ఆ కారు చప్పుడు లేకుండా పావగడ దాకా పోయింది, అక్కడ చార్జి పెట్టుకుని తిరిగొచ్చింది. ఇక కాన్పు నొప్పులొచ్చిన వాళ్లు బస్సు కోసం చూడక్కర్లేదని బావ అందరికీ చెప్పుకున్నాడు.

కారు నడిచాక నా పని ఒక్కటే. వారానికోసారి బస్సులో పోయి పావగడ అంగట్లో డిస్టిల్డ్ వాటర్ క్యాను కొని తెచ్చి బ్యాటరీల్లో పోయడం. మన బోరునీళ్లలో ఉప్పు, అవి పోస్తే బ్యాటరీ చస్తుందని బావ పదిసార్లు చెప్పాడు. తెలియక చేశానని చెప్పుకునే దారి నాకు లేదు.

బస్సు దిగే చోట ఆడవాళ్లు ట్యాంకరు కోసం బిందెలు వరస పెట్టుకుని కూర్చునేవారు. మనుషులకే గతి లేదు, మీ బావ కారుకు మంచినీళ్లా అని ఒకామె అడిగింది. అందరూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. మరుసటి వారం నేను బస్సెక్కలేదు. అదే క్యానులో బోరునీళ్లు పట్టి పోశాను. ఆ తర్వాత ప్రతి వారమూ అంతే.

ఒట్టి సిగ్గేనా? ఆ మోటారు వైండింగులో సగం నా చేతిదైనా పేరంతా బావకే పోతోందన్న కుళ్లు లేదా? ఉంది. బ్యాటరీలు ఒకటొకటిగా చస్తుంటే భయంతో పాటు కొంచెం సంతోషం కూడా కలిగింది. ఈ ఒక్క మాట రాయడానికే నాకు ఇంత వయసు రావాల్సి వచ్చింది.

కారు పూర్తిగా ఆగిపోయిన రోజు బావ నన్ను పిలిచాడు.

"అంగట్లో నీళ్లే పోసినావు గదప్పా?"

"అవే పోసినా బావా."

ఆయన నా మొహం కూడా చూడలేదు. అంత నమ్మకం.

"అట్లయితే తప్పు నాదే. లెక్క యాడో తప్పినాను."

కారు కోసం బొమ్మలు గీసి లెక్కలు రాసుకున్న నోటుబుక్కును పొయ్యిలో పెట్టాడు. నేను పక్కనే ఉన్నాను. చెయ్యి పట్టుకుని ఆపవచ్చు. ఆపలేదు. ఆ తర్వాత ఎవరు మోటారు తెచ్చినా, తనకు ఆ పని సరిగ్గా రాదని చెప్పి నా దగ్గరికి పంపడం మొదలుపెట్టాడు. ఆ పనులతోనే నేను ఇల్లు కట్టుకున్నాను.

బావ ఇంకా ఉన్నాడు, పక్క వీధిలోనే. పోయిన వారం ఇంట్లో ఫ్యాను ఆగితే విప్పడానికి భయపడి నాకు కబురు పెట్టాడు. నేను బాగుచేస్తుంటే కింద స్టూలు పట్టుకుని నిలబడ్డాడు. నీ చేతికి వచ్చిన పని నాకు ఎప్పటికీ రాలేదప్పా అన్నాడు.

నేను స్టూలు దిగి, ఫ్యాను స్విచ్చి వేసి వచ్చేశాను. ఆయనతో చెబుతానో లేదో ఇప్పటికీ తెలియదు. ఇక్కడైనా రాస్తున్నాను. ఆయన లెక్క తప్పలేదు.